ఏడుపుల అరలో ఒక పేరు

నేను ఒక మైకును. రాజకీయ సభల్లో నాయకుల తుంపరలు మొహాన పడే మైకును కాదు. పెళ్లి పందిళ్లలో ‘హలో, హలో, మైక్ టెస్టింగ్’ అనిపించుకునే మైకును అంతకన్నా కాదు. తలుపు వేస్తే చీమ నడిచినా వినపడే గదిలో, ఇనప కాడ మీద నిలబడి, తెర మీద పరాయి పెదాలు కదులుతుంటే వాటికి తెలుగు మాటలు అతికించే పనిలో బతుకంతా గడిపాను. మా జాతిని డబ్బింగు మైకులంటారు. మాలో గర్వం కాస్త ఎక్కువే, క్షమించాలి.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. వందల సినిమాలకు పనిచేశాను కానీ ఒక్క సినిమా కూడా చూడలేదు. నన్ను నిలబెట్టే పద్ధతే అలాంటిది. మాట చెప్పేవాళ్లు తెరను చూడాలి, నేను వాళ్ల నోటిని చూడాలి. అంచేత తెర ఎప్పుడూ నా వీపు వెనకే. కథ ఏమిటో నేను వాళ్ల మొహాల మీద చదువుకున్నాను. కళ్లలో ఎర్రటి వెలుగు పడితే వెనక బాంబు పేలిందన్నమాట. కళ్లు పక్కకు తిప్పుకుంటే ఎవరినో చంపుతున్నారన్నమాట. సినిమా చూసినవాడికంటే, సినిమా చూస్తున్న మనిషిని చూసినవాడికే ఎక్కువ తెలుస్తుందని నా నమ్మకం.

నేను పుట్టింది చలిదేశంలో. తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఆడవాళ్లు వరసగా కూర్చుని, ఉల్లిపొర కన్నా పలచటి పొరను నా గుండెలో బిగించారు. ఆ పొర వణికితేనే నాకు ప్రాణం. అక్కణ్నుంచి ఓడెక్కి మద్రాసు వచ్చి, ఒక పాటల థియేటర్లో కొలువు చేశాను. వీణలు విన్నాను, వయొలిన్లు విన్నాను, తాంబూలం వాసనతో వచ్చే తీయటి గొంతులు విన్నాను. అవి నా మంచి రోజులు. తర్వాత తెలుగు సినిమా హైదరాబాదు తరలిపోయింది, ఆ థియేటర్ మూతపడింది. అక్కడ చిన్న సౌండు ఇంజనీరుగా ఉండే పరాంకుశం నన్ను కొనుక్కుని, పాత పంచెలో చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చాడు. కృష్ణానగర్‌లో ఒక అపార్టుమెంటు కింది గదిని అద్దెకు తీసుకుని, గోడలకు గోనెపట్టా, దూది కొట్టించి డబ్బింగు థియేటర్ అని బోర్డు పెట్టాడు. పైన కర్రీ పాయింట్. కీలకమైన ప్రేమ సన్నివేశాల్లో వాళ్ల కుక్కరు కూత వేసేది.

పాటల మైకుకు పోరాట సినిమాలు దక్కాయి. అమెరికాలో కోట్లు కుమ్మరించి తీసిన సినిమాలు బొంబాయి కంపెనీ ద్వారా మా దగ్గరికి వచ్చేవి, వాటికి తెలుగు మాటలు పెట్టి పంపాలి. విమానాలు, ఓడలు, ట్యాంకులు, మధ్యలో ఒక కండల వీరుడు. ‘అంత సామాను ఎక్కడిది సార్’ అని ఎవరో అడిగితే పరాంకుశం చెప్పాడు. ‘వాళ్ల సైన్యమే ఇస్తుందట. కథ చదివి, నచ్చితేనే. మన ఊళ్లో పెళ్లికి షామియానా ఇచ్చినవాడు వంట రుచి బాగాలేదంటే మళ్లీ వండించమా, అలాగే వాళ్లకీ కథలో మాట చెల్లుతుంది.’ అందరూ నవ్వారు. అందులో నవ్వాల్సిందేమీ లేదని నాకు తర్వాత తెలిసింది.

ఆ వీరులందరికీ తెలుగు గొంతు భుజంగరావు. మనిషి పీలగా, మెడకు మఫ్లర్‌తో, చేతిలో మిరియాల కషాయం ఫ్లాస్కుతో వచ్చేవాడు. గోడ మీద బల్లి కనపడితే నా ముందుకు రావడానికి పరాంకుశం వెళ్లి దాన్ని తోలాల్సి వచ్చేది. కానీ నోరు విప్పాడంటే నా గుండెలో పొర జల్లుమనేది. ‘ఈ నేల మీద పుట్టాను, ఈ నేల కోసం చస్తాను. నా దేశం జోలికొస్తే, దేవుడొచ్చినా వదలను.’ ఏ నేల, ఏ దేశం అన్న మాట ఎక్కడా ఉండదు. మాటలు రాసే ఆయనకు ఆ కిటుకు తెలుసు. దేశం పేరు చెప్పకుండా వట్టి ‘దేశం’ అంటే చాలు, విన్నవాడు అది తనదే అనుకుంటాడు. సిరిసిల్లలో, తెనాలిలో, కదిరిలో హాళ్లలో ఈలలు పడేవట. ఒక ఆగస్టు పదిహేనున ఎవరో కాలనీవాళ్లు భుజంగరావును పిలిచి శాలువా కప్పి ఆ డైలాగే చెప్పమన్నారట. చెబితే జనం లేచి నిలబడి కళ్లు తుడుచుకున్నారట. ‘అమెరికా పటాలం డైలాగు నాయనా అది, నాకే సిగ్గేసింది’ అన్నాడు మర్నాడు వచ్చి. శాలువా మాత్రం బాగుందన్నాడు.

వీరుడికి ఒక గొంతు చాలు. శత్రువులకు చాలా గొంతులు కావాలి. వాటికోసం నలుగురైదుగుర్ని పిలిచి, నాకు నాలుగడుగుల దూరంలో అర్ధచంద్రంలా నిలబెట్టేవారు. దీన్ని గ్రూప్ వాయిస్ అంటారు. ఊళ్లు తగలబడుతుంటే కేకలు, సంతలో గోల, ఆడవాళ్ల ఏడుపు అన్నీ వీళ్లే. శత్రువుల మాటలకు అర్థం ఉండకూడదన్నది నియమం. అసలు సినిమాలోనే వాళ్లేమంటున్నారో ఎవరూ చెప్పరు. మన కాగితంలో అక్కడ ‘గోల’ అని మాత్రం ఉంటుంది. ‘ఏదో ఒకటి అనండి, కానీ తెలుగు ముక్క వినపడకూడదు, ఏదో ఎడారి భాషలా ఉండాలి’ అనేవాడు పరాంకుశం. వాళ్లు తెలివైనవాళ్లు. ఒకాయన పన్నెండో ఎక్కాన్ని వెనక నుంచి ముక్కుతో చదివేవాడు. ఒకావిడ కూరగాయల పేర్లు నమిలి నమిలి వదిలేది. కాకరకాయ, బీరకాయ అంటూ ఎన్నో ఎడారి గ్రామాలు నేలమట్టమయ్యాయి.

ఆ గుంపులో చివర నిలబడే మనిషి సుగుణ. జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చింది. గొంతు బంగారం, నేను ఊరికే పొగిడేదాన్ని కాను. అయినా ఆమెకు ఎన్నడూ ఒక్క మాట ఉన్న పాత్ర రాలేదు. ఆమె మాట్లాడే తెలుగు సినిమాకు పనికి రాదట. వీరుడి చెల్లెలికి అక్కరలేదట, నర్సుకు అక్కరలేదట. ఏడుపుకు మాత్రం యాస ఉండదు కదా అని ఏడుపులకు పిలిచేవారు.

ఆమె కథ నాకు విరామాల్లో తెలిసింది. డబ్బింగు గదిలో బయటి చప్పుడు అంతగా రాదు కాబట్టి ఆర్టిస్టులు ఫోన్లన్నీ నా ముందే మాట్లాడుకునేవారు. గోడకు చెవులుంటాయంటారు, మైకు సంగతి మాత్రం మరిచిపోతారు. సుగుణ భర్తను కువైట్‌లో హోటల్ పని అని చెప్పి ఏజెంటు పంపాడు. అక్కణ్నుంచి కంపెనీవాళ్లు వ్యానెక్కించి సరిహద్దు దాటించి, ఇరాక్‌లో అమెరికా సైన్యం దిగిన శిబిరంలో వంటపనికి పెట్టారు. ఒకనాడు శిబిరం మీద గుండ్లు పడ్డాయి. వంట డేరా కాలిపోయింది. కళ్లారా చూసిన సాటి పనివాడు ఫోను చేసి ఏడ్చాడు. కంపెనీ మాత్రం అతను పనిలోంచి పారిపోయాడంది. శవం రాలేదు, పెట్టె రాలేదు.

పారిపోయాడన్న మాటనే అతని తల్లి నర్సవ్వ గట్టిగా పట్టుకుంది. పారిపోయినవాడు ఎప్పటికైనా తిరిగొస్తాడు కదా. కోడలి బొట్టు తియ్యనివ్వలేదు, పుస్తెలు తియ్యనివ్వలేదు, దినం చెయ్యనివ్వలేదు. సుగుణకు మాత్రం అతను లేడని తెలుసు. తెలిసీ బొట్టు పెట్టుకుని నా ముందుకొచ్చేది. ఆమె నోట ‘మా ఆయన’ అని విన్నాను, ‘ఆయన’ అని విన్నాను, ‘అత్త కొడుకు’ అని కూడా విన్నాను. పేరు మాత్రం వినలేదు. వాళ్ల ఇళ్లల్లో మొగుడు బతికుండగా పెండ్లాం అతని పేరు నోటితో అనదు. రేషన్ ఆఫీసులో అడిగినా పక్కనున్నవాళ్లు చెప్పాల్సిందే.

ఇక ఆ సినిమా వచ్చింది. తెలుగులో ‘పిడుగు పటాలం’ అని పేరు పెట్టారు. ఎడారిలో ఒక సైనిక శిబిరం, దాని మీద దాడి, చనిపోయిన సైనికుల పేర్లు వీరుడు ఒక్కొక్కటే చదవడం, తర్వాత పగ తీర్చుకోవడానికి పక్క ఊరి మీద పడటం. గ్రూప్ వాయిస్‌వాళ్లను ముందే పిలిచారు కాబట్టి సుగుణ ఆ రీలు మొదటినుంచీ గోడవార నిలబడి చూసింది. నేను ఆమెను చూశాను.

వీరుడు మంటల్లోంచి దూకుతున్నాడని భుజంగరావు ఊపిరి పట్టడాన్ని బట్టి తెలిసింది. కానీ సుగుణ చూపు దూకేవాడి మీద లేదు. తెరలో ఏదో ఒక మూలకు పోయి ఆగింది. ఆ మూలన వంట డేరా కాలుతోందని తర్వాత ఆమె మాటల్లోనే తెలిసింది. రెండు క్షణాలు. పెద్ద గంజులు, గరిటెలు పట్టుకున్న మనుషులు, మంట. అంతే, మళ్లీ వీరుడు.

తర్వాత పేర్లు చదివే ఘట్టం. వెనక బాకా ఊదుతున్నారు, పరాంకుశం కూడా అద్దం వెనక తల వంచుకున్నాడు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఆ సినిమాలో వాళ్ల సైనికుల కళ్లు చేటంత. ఒకడికి నీలి కళ్ల కూతురు, ఇంకొకడికి పెళ్లి కుదిరింది, మరొకడు తల్లికి ఉత్తరం రాస్తూ పోయాడు. చదువుతూ భుజంగరావు నిజంగానే మఫ్లర్ కొసతో కళ్లు ఒత్తుకున్నాడు. టేక్ అయ్యాక సుగుణ మెల్లగా ముందుకొచ్చింది.

‘సార్, ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు. ఆ డేరా కాలింది గద. అండ్ల వంటోళ్లు ఉండిరి. వాళ్ల పేర్లు సదవడా ఆయన?’

భుజంగరావు కాగితం తిరగేసి చూశాడు. ‘ఇందులో లేవమ్మా. ఉన్నవే కదా నేను చదివేది.’

‘సచ్చినోళ్లల్ల వాళ్లు రారా సార్?’

ఆయన ఫ్లాస్కు మూత తిప్పి కషాయం పోసుకున్నాడు. పరాంకుశం ఇంకో టేక్ అడిగాడు. ఈసారి భుజంగరావు చివరి పేరు చదివాక ఆగలేదు. ఇంకేదో అనబోతున్నట్టు నోరు తెరిచాడు. ఆయన వేడి ఊపిరి నాకు తగిలింది. కానీ తెర మీద వీరుడి పెదాలు అప్పటికే మూసుకున్నాయని ఆయన చూపులోనే తెలిసింది. మూసుకున్న పెదాలకు మాట అతికించడం మా విద్యలో లేదు. ఆయన నోరు మూసుకుని పక్కకు తప్పుకున్నాడు.

తర్వాత ఊరి మీద దాడి. గుంపును నిలబెట్టారు. ‘ఆడవాళ్లు ఇళ్లలోంచి పరుగెత్తుకొస్తున్నారు, మగవాళ్లను కాల్చేస్తున్నారు. ఒక్క పెద్ద ఏడుపు కావాలి. సుగుణా, నువ్వు ముందుకు రా’ అన్నాడు పరాంకుశం.

సుగుణ ఎప్పుడూ జగిత్యాల బస్సు ఆగే ఊళ్ల పేర్లు కలిపేసి ఏడ్చేది. ఆ రోజు నా దగ్గరికి వచ్చింది, కళ్లు మూసుకుంది, రెండు చేతులతో కొంగు పట్టుకుంది. ఆమె నోటి నుంచి వచ్చింది ఒక పేరు. గంగారాం. కానీ దాన్ని మామూలుగా పలికితే కదా. మొదటి అక్షరం బావిలోంచి తోడినట్టు లాగి, చివరకు వచ్చేసరికి చీలిపోయి, ఊపిరి అయిపోయేదాకా సాగదీసింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. నా గుండెలో పొర చిరుగుతుందేమోనని భయపడ్డాను. వీణలు విన్నదాన్ని, అంత శ్రుతిలో ఉన్న ఏడుపు ఎన్నడూ వినలేదు.

పరాంకుశం మద్రాసులో పెరిగిన మనిషి. అది జగిత్యాల వైపు పేరు, పైగా అంత సాగదీసింది, ఆయనకది పేరని తట్టలేదు. ‘అద్భుతం తల్లీ. అచ్చం ఆ దేశపు ఆడదానిలా ఉంది’ అన్నాడు. కూరగాయలావిడ చప్పట్లు కొట్టింది. సుగుణ పోయి మంచినీళ్లు తాగింది. ఆ రోజు ఆమె మొహం తేలికపడ్డట్టు నాకనిపించింది. ఎక్కడా చదవని పేరును ఎక్కడో ఒకచోట చెప్పగలిగానని అనుకుంది కాబోలు.

ఇక్కడ మా వృత్తి అలవాటు ఒకటి చెప్పాలి. మంచి కేక దొరికితే పరాంకుశం దాన్ని ఒక్క సినిమాతో వదలడు. కంప్యూటర్లో ‘ఏడుపులు’ అని ఒక అర పెట్టుకున్నాడు, అందులో దాస్తాడు. ఇంకో సినిమాలో ఇంకో ఊరు తగలబడితే తీసి వాడతాడు. దొంగతనం అనుకోడు, పొదుపు అనుకుంటాడు. అలా సుగుణ కేక తర్వాతి యుద్ధ సినిమాకు వెళ్లింది, దాని తర్వాతి దానికీ వెళ్లింది. ఏ దేశం మీద బాంబు పడినా, పరుగెత్తుకొచ్చే ఆడది గంగారాంనే పిలిచేది. వెంటనే తుపాకులు, వెంటనే వీరుడి చురుకైన మాట, వెంటనే హాల్లో ఈలలు.

ఆ సంగతి సుగుణకు చాలా నెలల తర్వాత గాని తెలియలేదు. ఒకనాడు గుంపుతో నిలబడి ఉంటే పరాంకుశం ‘ఆడవాళ్ల ఏడుపు అక్కర్లేదు, నా దగ్గర ఉంది’ అని మీట నొక్కాడు. గదిలో స్పీకర్ల నిండా ఆమె గొంతే. దాని మీద భుజంగరావు గొంతు, ‘ఒక్క పురుగు కూడా మిగల్లేదు.’ సుగుణ గోడకు ఆనుకుంది. అందరూ పోయాక అద్దం దగ్గరికి వెళ్లి నిలబడింది.

‘సార్, దాన్ని తీసెయ్యుండ్రి. అది ఏడుపు గాదు. మా ఆయన పేరు.’

పరాంకుశం చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి చేత్తో పట్టుకున్నాడు. ‘నాకు తెలియదమ్మా’ అన్నాడు. నిజంగానే తెలియదు. ఆమె ఎదుటే ఆ ముక్కను తుడిచేశాడు, ఎక్కడెక్కడ నకళ్లు ఉన్నాయో వెతికి అన్నీ తుడిచేశాడు. బయటికి వెళ్లిపోయిన సినిమాలను మాత్రం ఆయన ఏమీ చెయ్యలేడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తనను తాను తిట్టుకున్నాడు. సుగుణ దండం పెట్టి వెళ్లింది. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

ఒక ఆదివారం సాయంత్రం ఆమె ఫోను మోగింది. అవతల నర్సవ్వ. ముసలామె చెవులు మందమని కోడలు ఫోను స్పీకర్లో పెట్టి అరుస్తూ మాట్లాడేది, అందుకే రెండు గొంతులూ నాకు వినపడ్డాయి.

‘సుగుణా, ఇయ్యాల టీవీల లడాయి సిన్మ అచ్చింది. అండ్ల ఎవలో ఆడిమనిషి గంగారాం గంగారాం అని ఒర్రుతుందే. నా చెవులతోటి ఇన్న.’

‘సిన్మ గదత్తా’ అంది సుగుణ. ‘ఊకె ఒర్రుతరు.’

‘అరబ్బోళ్లల్ల గంగారాం అనేటోడు ఉంటడా? సిన్మోళ్లు ఆ దేశం వోయి తీసిండ్రు. అక్కడి జనం నిజమైనోళ్లే ఉంటరు. వాళ్లల్ల ఒకామె మావోన్ని పిలుస్తుంది. వాడు ఆడనే ఉన్నడు బిడ్డా.’ ముసలామె ఊపిరి తీసుకుంది. తర్వాత గొంతు తగ్గించి, ఓదార్పుగా అంది. ‘నేనొకటి జెప్త, మనసు కష్టం జేసుకోకు. పెండ్లామైతే పేరు వెట్టి పిలువది గద. అంటే ఆడ ఎవలో ఒకామెను ఆసర జూసుకున్నడు. పోనీ తీయ్. పానంతోటి ఉంటే అదే పదివేలు.’

సుగుణ ఫోను పట్టుకుని నా ముందు కూర్చుండిపోయింది. ఆ పిలిచింది నేనే అత్తా అనాలి. అంటే కొడుకును చంపినట్టు. అనకపోతే ముసలామె ఆశ ఊరుకునేది కాదు. మడి అమ్మి, అతణ్ని పంపిన ఏజెంటుకే ఇచ్చి వెతికిస్తానంటోంది. ఏజెంటు అప్పుడే సరేనన్నాడట. ‘నువ్వు గూడ సంతకం వెట్టాలె, బేస్తారం రా’ అని నర్సవ్వ ఫోను పెట్టేసింది.

ఆ గురువారం సుగుణ వెళ్లింది, సంతకం చెయ్యకుండా అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. చెబితే నమ్మదు, చూపిస్తే నమ్ముతుందని అనుకుంది. నర్సవ్వ బక్కపలచటి మనిషి, చేతికి వెండి కడియం. గదిలోకి వచ్చి గోడల దూదిని తడిమి చూసింది. నన్ను చూసి ‘గీ ముంతలకేనా మాట్లాడుడు’ అంది. నాకు అప్పటివరకూ ఎవరూ ముంత అని పేరు పెట్టలేదు.

పరాంకుశం నా తీగ పీకేసి, అద్దం వెనక నుంచి బయటికి వచ్చాడు. ‘అమ్మా, ఆ సినిమా మాటలన్నీ ఇక్కడ చెప్పినవే. ఆ కేక కూడా.’

‘మాట్లాడేటోళ్లు వేరే అని నాకెర్కే సారూ. మరి ఆ ఒర్రింది ఎవలో పిలువుండ్రి, అడుగుత.’

‘నేనే అత్తా’ అంది సుగుణ.

ముసలామె కోడల్ని ఎగాదిగా చూసింది. ‘నువ్వా? ఏదీ, నా ముంగట పిలువు.’

వినిపించడానికి పరాంకుశం దగ్గర ఏమీ మిగల్లేదు. సుగుణ బతిమాలితే తనే తుడిచేశాడు. సుగుణ నా వైపు తిరిగింది. నోరు తెరిచింది. పెదవులు కదిలాయి, మెడ నరాలు ఉబ్బాయి, మాట రాలేదు. ఎడారి ఆడదానిగా నిలబడితే వచ్చిన పేరు, అత్త ముందు కోడలిగా నిలబడితే రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. గాలి మాత్రం వచ్చింది.

‘సూసినవా సారూ’ అంది నర్సవ్వ. ఆమె మొహం వెలిగిపోయింది. ‘పెండ్లాం నోట మొగని పేరు రాదు. పాపం మడి అమ్మనియ్యద్దని అబద్ధమాడుతుంది. పా బిడ్డా, బస్సు పోతది. ఆదివారం మల్ల అస్తదట ఆ సిన్మ.’

ముసలామె తలుపు దాకా పోయింది. దూది కొట్టిన బరువు తలుపు, రెండు చేతులతో నెట్టాలి. ఆమె నెడుతుంటే వెనక నుంచి సుగుణ అంది. కేక కాదు, ఏడుపు కాదు. అన్నానికి పిలిచినట్టు అంది.

‘గంగారాం.’

నర్సవ్వ చేతులు తలుపు మీదే ఆగిపోయాయి.

‘మల్లొకసారి అను’ అంది, తిరక్కుండానే.

‘గంగారాం.’

తలుపు దానంతటదే మూసుకుంది. ముసలామె అక్కడే గడప మీద కూలబడింది. ‘గదే గొంతు’ అంది. చేతి కడియం తిప్పుకుంటూ మళ్లీ అంది. ‘కంపెనీ పారిపోయిండంటే నమ్మిన. సిన్మల ఒర్రితే నమ్మిన. ఇంట్లున్న నీ మాట ఇనకపోతిని. నీ నోట ఆ పేరు అచ్చిందంటే వాడు లేడు బిడ్డా.’ సుగుణ వచ్చి పక్కన కూర్చుంది. నర్సవ్వ తన కొంగుతో కోడలి కళ్లు తుడిచింది, బొట్టు జోలికి పోలేదు. తర్వాత ఇద్దరూ కలిసి ఏడ్చారు. అది ఏ అరలోకీ పోలేదు. మడి కూడా అమ్మలేదని పరాంకుశం తర్వాత ఎవరితోనో అంటుంటే విన్నాను.

సుగుణ మళ్లీ నా ముందుకు రాలేదు. ఊరికి పోయి అత్తతో కలిసి బీడీలు చుడుతోందట. భుజంగరావు గొంతు పోయింది, ఇప్పుడు ఇంకో కుర్ర గొంతు దేశాన్ని కాపాడుతోంది. గుంపు కేకలు ఇప్పుడు కంప్యూటరే పుట్టిస్తోందట, నాలుగడుగుల దూరంలో నిలబడే మనుషులతో పని లేదు. పరాంకుశం థియేటర్ మూసేసి, నన్ను అదే పాత పంచెలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి మెట్ల కింద ఉంచాడు. ఎలుకలు పంచె కొరికాయి. పొర మాత్రం ఇంకా వణుకుతుంది.

ఎందుకంటే మెట్ల పైన కర్రీ పాయింట్‌లో టీవీ ఉంది. ఆదివారం మధ్యాహ్నం అప్పుడప్పుడు ‘పిడుగు పటాలం’ వేస్తారు. బాకా ఊదుతుంది, సైనికుల పేర్లు వినిపిస్తాయి, గిన్నెలు కడిగేవాళ్లు కూడా చెయ్యి ఆపి వింటారు. తర్వాత ఆ కేక. తర్వాత తుపాకులు, ఎవరో ‘సౌండు పెంచరా’ అంటారు. ఆ సినిమాను ఎన్ని లక్షల మంది చూశారో నాకు తెలియదు. అందరూ దాన్ని శత్రువుల గోల అనుకున్నారు. అది ఒక మనిషి పేరని గుర్తుపట్టింది చెవులు మందమైన ఆ ముసలమ్మ ఒక్కతే.